నెత్తుటి నమ్మకములు – నేటి వైద్యము

నంద్యాలనుండి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలయాత్ర చేసినవారు శ్రోతలలో అనేకులుందురు. ఎగువ అహోబిలము దాటి, భవనాశినీ ప్రవాహము వెంట రాళ్లమీదుగా నడచి జ్వాలానృసింహుని సన్నిధి చేరినపుడు, సమీపమున రక్తకుండమను చిన్న నీటిగుంటను చూపుదురు. హిరణ్యకశిపుని సంహరించిన స్వామి నెత్తుటి చేతులను అచ్చట కడిగికొనెననియు, నాటినుండి ఆ నీరు ఎఱ్ఱనై యున్నదనియు స్థలపురాణము. నెత్తురు భయంకరము, నెత్తురు పవిత్రము అను రెండు భావములును అచ్చట ఒక్క గుంటయందే నిలిచియున్నవి.

ఆ కొండకు దిగువనున్న పల్లెలలో ప్రసవించిన స్త్రీకి రక్తస్రావము ఆగనపుడు ఆమెను ఆళ్లగడ్డకు, అచ్చట సాధ్యము కానిచో నంద్యాలకు, అచ్చటినుండి కర్నూలునకు తరలించుట ఈ సీమవారందరు ఎరిగిన సంగతియే. వెంట వచ్చినవారిని వైద్యుడడుగు మొదటి మాటలలో ఒకటి, నెత్తురు ఇచ్చువారు మీలో ఎవరైన ఉన్నారా యని. ఆ మాటకు జంకువారు, వెనుకకు తగ్గువారు నేటికిని కలరు. అది మతవిశ్వాసముచేత కలిగిన జంకా, లేక వేరొకటియా యని విచారించుటయే ఈ ప్రసంగమునందు మా యుద్దేశము. మా అభిప్రాయమును ముందుగనే చెప్పుట మేలు. ఈ నేలపై పుట్టిన నమ్మకములు నెత్తురు ఇయ్యరాదని ఎన్నడును చెప్పలేదు. ఇయ్యవలెననియే చెప్పినవి. అయితే వానిప్రకారము పుచ్చుకొనవలసినది దేవత, మానవుడు కాడు.

ఇందుకు సాక్ష్యము దూరమున వెదకనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే శ్రీశైలమున్నది. మల్లికార్జునుని ఆలయములో వీరశిరోమండపమనునది ఒకటి కలదు. దానిని కట్టించినది కొండవీటి రెడ్డిరాజు అనవేమారెడ్డి, 1377లో. వీరశైవభక్తులు అచ్చట తమ శిరస్సులను, నాలుకలను స్వయముగా ఖండించుకొని స్వామికి అర్పించెడివారని శాసనమే చెప్పుచున్నది. ఒక రాజు ఇందులకై మండపము కట్టించి, ఆ కృత్యమును శాసనమున ప్రశంసించెననగా, ఆ కాలమున అది ఏ మారుమూలనో జరిగిన వింత గాదు, పదిమంది మెచ్చిన వ్రతము. నేటి మన బుద్ధికి ఆ వ్రతము దారుణముగనే తోచును. అయినను ఆ భక్తుడు తన శరీరమును తనదని అనుకొనలేదన్న సంగతిని గమనింపవలెను.

కన్నప్పకథ ఇంతకంటె సౌమ్యమైనది, మన విషయమునకు ఇంకను దగ్గరైనది. కాళహస్తి లింగము కంట నెత్తురు కారగా ఆ బోయ ఏ మంత్రమును జపింపలేదు. ఆకుపసరులు పిండి చూచెను, ఫలింపకపోగా కంటికి కన్నే మందని తన కన్ను పెకలించి అతికెను. ఒక అవయవము చెడినచో అట్టి అవయవమే దానికి మందన్న భావము, పుచ్చుకొన్నవాడు దేవుడే యైనను, నిస్సందేహముగ వైద్యభావమే. పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలు ధూర్జటి కావ్యము వరకు తెలుగువారు ఈ కథను మరల మరల చెప్పుకొనుటకు భక్తి యొక్కటియే కారణము కాదేమో.

పల్లెలలో మార్గము వేరు. కలరా, మశూచి వంటి జాడ్యములు వ్యాపించినపుడు గ్రామదేవతకు దున్నపోతును బలియిచ్చి, ఆ నెత్తురు కలిపిన అన్నమును రాత్రివేళ ఊరి పొలిమేర చుట్టును చల్లెడివారు. దీనికే పొలి యని పేరు. నెత్తుటి గీటును దాటి జాడ్యము ఊరిలోనికి రాజాలదని విశ్వాసము. కర్నూలు జిల్లా పడమటి కొసన హొళగుంద ప్రాంతములోని దేవరగట్టున విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరుని బన్ని ఉత్సవమునందు, పూర్వము స్వామిచేత హతులైన రాక్షసులకు గొరవయ్య తన తొడనుండి తీసిన పిడికెడు నెత్తురు అర్పించుట నేటికిని ఆచారము. కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రమున ఉన్న కాలముననే, 1950లో, జంతువులను పక్షులను బలియిచ్చుటను నిషేధించుచు చట్టము వచ్చినది. చట్టము వచ్చినంతనే బలులు ఆగినవని మేము చెప్పజాలము. కాని పొలి చల్లుటకు ముఖ్యకారణమైన మశూచి 1975 తరువాత ఈ దేశమున లేదు. దానిని తరిమినది టీకా.

ఇక మన వైద్యశాస్త్రము నెత్తురును గూర్చి ఏమి తలచినది? రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అని ఆయుర్వేదము ధాతువులను ఏడుగా లెక్కించి, ఒక్కొక్క దానినుండి తరువాతిది పుట్టునని చెప్పినది. సుశ్రుతుడు జలగలను పండ్రెండు జాతులుగా విభజించి, వానిలో ఆరు విషముగలవి, ఆరు విషములేనివి యని నిర్ణయించి, చెడు రక్తమును తీయు విధానమును వివరముగా వ్రాసెను. పెక్కుమంది ఎరుగని విశేషము మరియొకటి కలదు. రక్తము మితిమీరి స్రవించినవానికి లేడి, గొఱ్ఱె, కుందేలు, దున్న మొదలైన జంతువుల నెత్తురు త్రావింపవలెనని సుశ్రుతుడు స్పష్టముగా చెప్పినాడు. చరకుడును ప్రాణరక్తము పోయిన రోగికి సజీవమృగముల అప్పటికప్పటి నెత్తురును విధించినాడు. నోటిద్వారా పోయిన నెత్తురు కడుపున జీర్ణమగునే గాని నాళములలో రక్తముగా చేరదని నేడు మనకు తెలియును. అయినను పోయిన రక్తమునకు రక్తమే బదులు అను ఆలోచన ఈ దేశపు వైద్యులకు క్రొత్తది గాదు. శౌచాశౌచములను అంతగా పాటించిన సమాజమున కూడ ప్రాణాపాయమున వైద్యుని మాట ఆచారమునకు లొంగలేదన్నమాట.

నెత్తురును నేరుగా నాళమున ఎక్కించు ప్రయత్నము పదునేడవ శతాబ్దిలో ఐరోపాలో జరిగినది. 1628లో హార్వే రక్తప్రసారమును నిరూపించిన పిదపనే అది ఊహకందినది. 1667లో పారిసులో డెనీసు, అదే సంవత్సరము నవంబరులో లండనులో రాయల్ సొసైటీవారు మనుష్యునకు గొఱ్ఱెనెత్తురు ఎక్కించిరి. లండనులో అందుకు ఒప్పుకొన్నవాడు ఆర్థర్ కోగా అను విద్యావంతుడు. గొఱ్ఱెనెత్తురే ఏల యని అడుగగా, క్రీస్తును దేవుని గొఱ్ఱెపిల్ల యందురు గనుక ఆ నెత్తురునకు క్రీస్తు రక్తముతో సంబంధమున్నదని అతడు లాటినుభాషలో జవాబు చెప్పినాడట. రక్తబీజుని ఒక్కొక్క నెత్తుటిబొట్టునుండి ఒక్కొక్క రాక్షసుడు పుట్టెనన్న దేవీమాహాత్మ్యకథ మనకు గలదు. గొఱ్ఱెనెత్తురుతో గొఱ్ఱె సాధుత్వము వచ్చునని వారి ఆశ. నెత్తురుతోపాటు గుణము పోవునన్న నమ్మకము మనకే ప్రత్యేకమని తలచువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. డెనీసు చికిత్స పొందినవారిలో ఒకడు మరణింపగా వ్యవహారము న్యాయస్థానమున కెక్కి, ఆ చికిత్సయే నూటయేబది యేండ్లు మూలపడినది.

దానిని మరల లేవనెత్తినవాడు లండనులోని ప్రసూతివైద్యుడు జేమ్సు బ్లండెల్. బాలింతలు నెత్తురు కారి కండ్లయెదుటనే చనిపోవుట చూడలేక 1818 మొదలుకొని మనుష్యులకు మనుష్యుల నెత్తురే ఎక్కింపసాగెను. కొందరు బ్రదికిరి, కొందరు చనిపోయిరి. ఏల బ్రదికిరో, ఏల చనిపోయిరో అతనికి తెలియదు. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనరు రక్తమునందలి వర్గభేదములను వెల్లడించువరకు అది ఎవరికిని తెలియలేదు. 1914లో సిట్రేటు కలిపినచో నెత్తురు గడ్డకట్టదని తేలినది. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ప్రక్కప్రక్కన పండుకొనవలసిన అవసరము అంతటితో తీరినది.

మొదటి ప్రపంచయుద్ధమున సెలోనికాలో చేరిన సైనికుల నెత్తురును లుడ్విక్ హిర్ష్‌ఫెల్డు, ఆయన భార్య హానా పరీక్షించి 1919లో ఫలితములను ప్రకటించిరి. వారిలో భారతీయ సైనికులును ఉండిరి. బి వర్గము ఐరోపావారిలోకంటె భారతీయులలో చాల ఎక్కువగా కనబడినది. అయితే వర్గములన్నియు అన్ని జాతులలోను ఉన్నవి. ఏ జాతికిని తనదే యైన నెత్తురు లేదు. 1952లో బొంబాయిలో వై. ఎం. భేండే, ఆయన సహచరులు ఏ వర్గమునకును చెందని ఒక వింత నెత్తురును కనుగొనిరి. దానికి బొంబాయి వర్గమని పేరు వచ్చినది. మన దేశమున సుమారు పదివేలమందిలో ఒకరికి అది యుండును. వారికి అదే వర్గమువారి నెత్తురు తప్ప మరేదియు పనికిరాదు. అట్టివానికి తన కులమువాడు అక్కరకు రాకపోవచ్చును, ముఖమెరుగని పరాయివాడు రావచ్చును. కులమును నెత్తురుతో ముడిపెట్టి మాటలాడు అలవాటునకు ఇంతకంటె గట్టి జవాబు మాకు తోచదు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములకు వత్తము. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున ఎస్.పి.జి. మిషనువారు ఆళ్లగడ్డకు సమీపమునగల ముత్యాలపాడు కేంద్రముగా పనిచేసిరి. తరువాత నంద్యాలలో విద్యాలయములను, ఆసుపత్రిని నెలకొల్పిరి. వారి మతమున చేరినవారిలో మాలలు హెచ్చు. గ్రామదేవత జాతరలో బలికి సంబంధించిన పనులు కొన్ని ఆ కులముల కప్పగించియుండెడివి. మతము మారుటయనగా ఆ పనులను, ఆ పనులకు ప్రతిఫలముగా లభించు మాంసమును వదలుకొనుట. ఊరితో తగవు తెచ్చుకొనుట యనియు అర్థము. పొలి చల్లిన చేతులు మానివేసి, క్రీస్తు రక్తమునకు గుర్తయిన ద్రాక్షారసపు పాత్రను అందుకొన్నవి. నెత్తురే రక్షణ యను మాట వారికి అన్యభాషగా వినబడియుండదని మా ఊహ.

ఆ క్రైస్తవుల గ్రంథమున నెత్తురును గూర్చి రెండు ముఖ్యమైన ఆజ్ఞలు కలవు. దేహమునకు ప్రాణము నెత్తురులో ఉన్నది గనుక దానిని తినరాదని లేవీయకాండము. అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులును రక్తమును విసర్జింపవలెనని అపొస్తలుల కార్యములు. రెండవ ఆజ్ఞ ఆనాటి కలహమును చల్లార్చుటకు చేసిన ఏర్పాటనియు, కాలము మారినంత అది సడలినదనియు పాశ్చాత్యసంఘములు తలచినవి. పల్లెలలో మేకనెత్తురును వేయించి నల్ల యను పేర తినుట వారిలో చాలమందికి మతసమస్యగా ఎన్నడును తోచలేదు. యూదులు మాత్రము మాంసమును ఉప్పులో ఊరనిచ్చి నెత్తురును తొలగించియే తిందురు. అయినను ప్రాణరక్షణకు రక్తమెక్కించుట వారి ధర్మశాస్త్రమున కేవలము అనుమతి గాదు, విధి. ముస్లింల ఖురానులో కారిన నెత్తురు నిషిద్ధమే, కాని గత్యంతరము లేనివానికి దోషములేదని ఆ వచనమే చెప్పుచున్నది. దీనిని ఆధారము చేసికొని ధర్మవేత్తలు రక్తమెక్కించుటను అంగీకరించిరి. ముహర్రమున తమ దేహములను గాయపరచుకొనుటకు మారుగా రక్తదానము చేయుడని షియా విద్వాంసులు కొందరు బోధించుట మేము మెచ్చదగిన మార్పుగా తలచుచున్నాము.

రక్తమెక్కించుకొనుటను స్పష్టముగా నిరాకరించు మతశాఖ అమెరికాలో 1870 ప్రాంతమున పుట్టిన బైబిలు విద్యార్థుల సంఘము నుండి వచ్చినది. 1931నుండి వారు యెహోవాసాక్షులని పేరు పెట్టుకొనిరి. నోటితో తినుటయు, నాళమున ఎక్కించుకొనుటయు ఒక్కటియే యని 1945లో వారి పత్రిక బోధించినది. 1961నుండి, పశ్చాత్తాపము లేక రక్తమెక్కించుకొన్నవారిని వెలివేయుటయు నియమమయ్యెను. తెలుగుదేశమునను ఈ సంఘీయులు కలరు. వారి వాదము మాకు సమ్మతము గాదు. సుశ్రుతుడు త్రావించిన నెత్తురునకును, నాళమున ఎక్కించు నెత్తురునకును గల భేదమును పైన చెప్పితిమి. నాళమున ఎక్కించినది ఆహారము గాదు, పరుని అవయవమువంటిది. కాని వారి నిష్ఠను పరిహసించుట తగదు. చదివి, సంతకముచేసి, మరణమునకు సిద్ధపడి నిరాకరించువాడు సోమరితనముతోనో అజ్ఞానముతోనో నిరాకరించువాడు గాడు. వీరశిరోమండపము నేలిన సీమవారము ఆ సంగతి మరువరాదు.

వయస్సు వచ్చి, స్పృహయందున్న వ్యక్తి సమ్మతిలేక చికిత్స చేయరాదని మన సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పినది. చికిత్సను నిరాకరించు హక్కును 2018లో మరింత స్పష్టపరచినది. పసిపిల్లల విషయము వేరు. తలిదండ్రులు తమ విశ్వాసమునకై తాము బలియగుటకు స్వేచ్ఛ కలవారే గాని, బిడ్డలను బలిచేయు స్వేచ్ఛ వారికి లేదను భావమును అమెరికా సుప్రీంకోర్టు 1944లో ప్రకటించినది. ఆ తరువాత ఇంగ్లండు, కెనడా, అమెరికాలలో న్యాయస్థానములు బిడ్డలకు రక్తమెక్కించుటకు ఆజ్ఞ లిచ్చుచునేయున్నవి. ఇది న్యాయమనియే మా దృఢాభిప్రాయము. ఇంకొక మాట. ఈ సంఘీయుల నిరాకరణవలన వైద్యులు నెత్తురు తక్కువగా కారునట్లు శస్త్రచికిత్స చేయుట, కారిన నెత్తురునే శుద్ధిచేసి మరల ఎక్కించుట మొదలగు పద్ధతులపై శ్రద్ధ వహించిరి. ఆ మేలు ఇతర రోగులకును దక్కినది.

మన సమాజమున సాక్షులు బహుకొద్దిమంది. నెత్తురునకు వెనుదీయువారు బహుమంది. ఆ జంకునకు మూలము ఏ వేదమునను, ఏ బైబిలునను లేదు. రక్తసారమే శుక్రమన్న పాత సిద్ధాంతము పామరుల నోట పడి, ఇన్ని నెత్తుటిబొట్లకు ఒక్క శుక్రబిందువను లెక్కగా మారినది. నెత్తురిచ్చిన మగవాడు బలహీనుడగునని, పొలముపని చేయలేడని, సంతానము కలుగదని భయము. దేహమున సుమారు ఐదు లీటర్ల నెత్తురుండును. ఒకసారి తీయునది 350 లేక 450 మిల్లీలీటర్లు. దానిలోని ద్రవభాగము ఒకటి రెండు రోజులలో నిండును, ఎఱ్ఱకణములు కొన్ని వారములలో సరిపడును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఇయ్యవచ్చునని మన దేశపు నియమము.

ఈ భయమువలన కలిగిన కీడు చిన్నది గాదు. ఇచ్చువారు లేనిచోట అమ్మువారు పుట్టిరి. 1939లో కలకత్తాలో ఈ దేశపు మొదటి రక్తనిధి వెలసిన పిదప, పెక్కు నగరములలో పేదవారు నెత్తురమ్ముకొని బ్రతుకుట వృత్తిగా మారినది. వారి నెత్తురు పలుచన, రోగములు మెండు. సుప్రీంకోర్టు 1996లో ఆజ్ఞ యీయగా, 1998 జనవరి 1నుండి నెత్తురు అమ్ముట ఆగిపోవలసి వచ్చినది. ఆ యేడే అక్టోబరు 2న చలనచిత్రనటుడు చిరంజీవి పేర హైదరాబాదులో రక్తనిధి వెలసినది. అభిమాననటుని చిత్రపటమునకు వ్రేలు కోసి నెత్తుటి తిలకము దిద్దు యువకులు తెలుగునాట అరుదు గారు. అదే అభిమానము రక్తనిధికి మరలినది. ఇయ్యవలెనను కోరిక ఈ నేలలో ఎన్నడును కరవు కాలేదు, పుచ్చుకొను చోటు మారినది, అంతే.

నెత్తురు అవసరమే రాకుండ చేయు మార్గమునకు తెలుగువాడు తోడ్పడినాడన్న సంగతియు ఇచ్చట చెప్పవలసినదే. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ యను గ్రహణివంటి జాడ్యముచే మరణించిరి. ఆ రోగమున నెత్తురు పలుచబడును. ఆయనకును అది సోకగా ఆయుర్వేదవైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సచే బ్రదికెను. లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు 1928 మొదలుకొని బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారమున దానిని మాన్పు పదార్థమేదో ఉన్నదని కనుగొనెను. ఆ పదార్థమైన ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు సుబ్బారావు నాయకుడు. గర్భిణులకు ఇనుముతో కలిపి పంచిపెట్టు మాత్రలో నున్నది అదే. 1970లో ప్రభుత్వము ఆ పథకమును దేశమంతట మొదలిడినది. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులు. ముందే పలుచబడిన నెత్తురుగల స్త్రీకి ప్రసవమున కొద్దిగా కారినను ప్రమాదమే. ఆళ్లగడ్డ పల్లెలనుండి నంద్యాలకు వచ్చు దారిలో ఆమెకు గల వ్యవధి చాల స్వల్పము.

1956లో కర్నూలులో వైద్యకళాశాల వెలసినది, 2023లో నంద్యాలలోను ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైనది. దారి కొంత దగ్గరైనది. మిగిలిన చిక్కు ఒకటి, దానిని శ్రోతలు ముఖ్యముగా తెలిసికొనవలెను. వెంట వచ్చినవారు నెత్తురిచ్చుటకు ఒప్పుకొన్నను, మా యింటివారి నెత్తురే మా పిల్లకు ఎక్కింపుడని పట్టుబట్టుట కలదు. రక్తసంబంధము గలవాని నెత్తురు మేలైనదని వారి నమ్మకము. వైద్యశాస్త్రము దీనికి విపరీతముగా చెప్పుచున్నది. దగ్గరి బంధువు నెత్తురునందలి తెల్లకణములు రోగి శరీరమున పాతుకొని ఆమె దేహమునే నాశనము చేయు ప్రమాదము కలదు గనుక, దానిని కిరణములతో శుద్ధిచేయక ఎక్కింపరాదు. సంతానము కలుగు వయస్సుననున్న స్త్రీకి భర్త నెత్తురును ఎక్కింపకుండుటయే మేలు. మరుసటి కాన్పున కడుపులోని బిడ్డకు హాని కలుగవచ్చును. అందుచేత భర్త యిచ్చిన సంచిని రక్తనిధి వేరొకరికై భద్రపరచును. ఎవరో యిచ్చిపోయిన సంచిని తెచ్చి, వర్గము సరిచూచి, ఆమెకు ఎక్కింతురు.